ట్రాక్‌కీ, ఇంటికీ ఒకే టైరా?

స్పోర్ట్స్ కారు కొన్నారు. వారమంతా ఆఫీసుకి అదే. ఎప్పుడైనా ఓ ఆదివారం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద సరదా తీర్చుకుంటున్నారు. బాగానే ఉంది. మరి టైర్ల సంగతో?

'ట్రాక్ టైర్లు వేయించండి మేడమ్, రోడ్డుకి అతుక్కుపోతాయి' అంటాడు షాపతను. నిజమే... అవి వేడెక్కాక! ఆ రబ్బరు మెత్తన. పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. పైగా గాడులు తక్కువ. వానలో టైరు కింది నీటిని బయటికి తోసేవి ఆ గాడులే. అవి చాలకపోతే కారు నీటిమీద తేలిపోతుంది. స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా మాట వినదు. ట్రాక్ మీద జారితే పక్కన ఖాళీ జాగా ఉంటుంది. హైవే మీద లారీ ఉంటుంది!

కాబట్టి ఒక్క సెట్టే కొనేటట్లయితే వానకి పనికొచ్చేదే తీసుకోండి. ల్యాపులో నాలుగు సెకన్లు పోతే పోనీయండి.

చాలా టైర్ల పక్కన 'ట్రెడ్‌వేర్' అంకె ఉంటుంది. 200, అంతకు తక్కువైతే ట్రాక్ వైపు మొగ్గినట్టు. 300 దాటితే రోజూ తిరగడానికి నయం. అయితే ఏ కంపెనీ లెక్క దానిదే, అదే వేదమనుకోకండి. తయారీ తేదీ మాత్రం చూడకుండా డబ్బివ్వద్దు. 2324 అంటే 2024లో 23వ వారం.

ఇంకో మాట. ట్రాక్ మీద టైరు వేడెక్కి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అందుకని మధ్యలో కొంత గాలి తీసేస్తారు. చల్లారాక అది చాలదు. ఇంటికెళ్లే హడావుడిలో మళ్లీ కొట్టించడం మరిచిపోతాం! గేజి ఒకటి హ్యాండ్‌బ్యాగులో పడేసుకోండి. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత గాలి పట్టించి, ముందు టైర్ల బయటి అంచులు ఓసారి చూసుకుని బయల్దేరండి. మలుపుల్లో ఎక్కువ దెబ్బతినేవి అవే.