వెన్నెముక క్షయ: కత్తియా, మందా?

మూడేండ్ల క్రిందట వైశాఖమాసమున మన సంఘ సభ్యులలో నొకరు తమ రెండెకరముల మాగాణిని తాకట్టు పెట్టి అప్పు గోరుచు దరఖాస్తు తెచ్చిరి. బావి కొరకు గాదు, ఎద్దుల కొరకు గాదు. వారి భార్యకు ఆరు మాసములుగా వెన్నునొప్పి, సాయంకాలపు జ్వరము, ఆకలి లేమి. వెన్నుపూసలకు క్షయ సోకినదని తేలినదట. "ఆపరేషను తప్పదని బంధువులు చెప్పుచున్నారు. పొలము పోయినను మనిషి దక్కవలెను గదా, అయ్యా" అని ఆయన కన్నీరు పెట్టుకొనిరి.

నేను వ్యవసాయ ప్రదర్శకుడనే గాని వైద్యుడను గాను. అయినను వారి వెంట జిల్లా ఆసుపత్రికి బోయి వైద్యులవలన వినినదియు, పిమ్మట చదివి గ్రహించినదియు కర్షక సోదరుల మేలు గోరి వ్రాయుచున్నాను.

క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని తలపరాదు. ఆ సూక్ష్మజీవి రక్తము వెంట బోయి వెన్నుపూసలను తినివేయును. చీము చేరును, పూస క్రుంగి గూని యేర్పడును, వెన్నుపాము నొక్కుకొనినచో కాళ్లు చచ్చుబడును. లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లోనే దీనిని వర్ణించెను. మందులు లేని ఆ దినములలో రోగిని మాసముల తరబడి మంచమున బరుండబెట్టుట, మంచి గాలి, మంచి ఆహారము, ఇవియే చికిత్సలు. మదనపల్లె చెంత 1915లో వెలసిన ఆరోగ్యవరము మిషను ఆసుపత్రి యట్టి కాలమునాటిదే.

క్షయను జంపు మందులు వచ్చిన పిదప కత్తి యవసరమా యను ప్రశ్న పుట్టినది. దీనికి మన చెంతనున్న మదరాసులోనే పరీక్ష జరిగినది. మనము రెండు విత్తనములను ప్రక్కప్రక్క మళ్లలో నాటి పోల్చునట్లే, 304 మంది రోగులను చీట్లు వేసినట్లు మూడు వర్గములుగా విభజించిరి. మొదటివారికి శస్త్రచికిత్సయు, ఆరు మాసముల మందును. రెండవవారికి ఆరు మాసములు, మూడవవారికి తొమ్మిది మాసములు మందు మాత్రమే. మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. పదేండ్ల పిదప నూటికి వరుసగా 90, 94, 99 మంది చక్కగా నుండిరి. ఈ ఫలితములు 1999లో ప్రకటింపబడెను.

అయితే తొందరపడి కత్తి వ్యర్థమనరాదు. నడువలేనంతగా కాళ్లు పడిపోయినవారిని ఆ పరీక్షలో చేర్చుకొనలేదు. పదునైదేండ్లలోపు పిల్లలలో, మొదటనే గూని 30 డిగ్రీలు మించినవారికి మందు మాత్రమే యిచ్చినచో గూని మిక్కిలి పెరిగినది. కావున నేటి వైద్యుల మార్గము మధ్యేమార్గము: మందు అందరికిని, కత్తి కొందరికి. అరటిచెట్టు వ్రాలినచో ఊతకర్ర పెట్టుదుము. కాని దుంపలోని పురుగును ఊతకర్ర చంపదు. శస్త్రచికిత్స జరిగినవారును మందు పూర్తిగా వాడవలసినదే.

కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గుచున్నను, మలమూత్రములు స్వాధీనము తప్పినను ఒక్క దినమైనను తడయక పెద్దాసుపత్రికి బోవలెను. గూని పెరుగుచున్నను, వెన్నెముక నిలకడ దప్పినను, మందు వాడినను చీము, నొప్పి తగ్గకున్నను శస్త్రవైద్యుని సలహా యవసరము. మా పొరుగూరి యువకుని కాళ్లు తడబడుచుండగా "మందే చాలును" అని ఇంటివారు మూడు వారములు గడపిరి. ఆపరేషను జరిగినది, నేటికిని అతడు చేతికర్ర లేక నడువలేడు.

ఈ వ్యాధికి మందులు మన దేశమున సాధారణముగా పండ్రెండు మాసములు, కొందరికి అంతకంటె నెక్కువ కాలము వాడవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇవి ఉచితము. ఆహారము నిమిత్తము 2024 నవంబరునుండి నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాకు ఇచ్చుట మొదలైనది. రెండు మాసములలో నొప్పి తగ్గగానే మాత్రలు మానుటయే పెద్ద ప్రమాదము. అట్లు మానినచో సూక్ష్మజీవి మందులకు లొంగని దగును. మూత్రము ఎర్రబడినచో భయపడవలదు, అది మందు రంగు. కన్నులు పచ్చబడినచో వెంటనే వైద్యునికి జూపవలెను.

ఆ సోదరి కాళ్లలో బలము తగ్గలేదని పరీక్షించి వైద్యులు కత్తి వలదనిరి. ఆమె పండ్రెండు మాసములు ఒక్క పూటయు దప్పక మందు మ్రింగినది. గత సార్వాలో తన మడిలో తానే నాట్లు వేసినది. తాకట్టు దరఖాస్తు మంజూరు కొరకు సంఘము ముందునకు రానేలేదు.

సోదరులారా, ఇట్టి యాపద వచ్చినప్పుడు భూమి కాగితములు దీయకముందు వైద్యుని మూడు ప్రశ్న లడుగుడు: క్షయయే యని పరీక్షలో తేలినదా? కాళ్ల బలము తగ్గుచున్నదా? మందుతో కుదురు నాశ యున్నదా? ఆపరేషను నిజముగా నవసరమని తేలినచో మాత్రము వెనుకాడవలదు. అప్పుడు సంఘము మీ ప్రక్కన నుండును.