సముద్రపు గాలిలో సూట్‌కేసు

(ప్రసంగ పాఠము)

మన యిండ్లలో పెట్టెకు ఒక చరిత్ర కలదు. తాతల కాలమున భోషాణము ఇంటిలో కదలక నిలిచియుండెడిది. ప్రయాణములకు కావడి పెట్టెలు వెళ్లెడివి. తరువాత రేకు పెట్టె, అనగా ట్రంకు వచ్చినది. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లినను, కుఱ్ఱవాడు చదువునకై పట్టణము చేరినను, బ్రతుకు తెరువునకు రంగూన్ ఓడ యెక్కినను ట్రంకు పెట్టె వెంట వెళ్లినది. అది బరువు, మోయుటకు కూలి కావలెను. ఐనను ఒక తరము కొన్న పెట్టెను మరియొక తరము వాడుకొన్నది.

ఇప్పుడు దాని స్థానమున గట్టి ప్లాస్టిక్ చిప్పలతో, నాలుగు చక్రములతో, నిగనిగలాడు చిన్న సూట్‌కేసు వచ్చినది. విమానములో మనతోపాటు లోపలికి తీసికొని పోదగిన పెట్టె యిది. దుకాణములో ఒక్క వ్రేలితో నెట్టినచో నున్నని నేలపై తనంతట తానే సాగిపోవును. వెల వేలలో నుండును. కొన్ననాటి సొగసు ఐదారేండ్లకు ఎంత మిగులును? ఏ భాగము నిలుచును, ఏ భాగము ముందుగా చెడును? ఈ ప్రశ్నకు దుకాణములో సమాధానము దొరకదు. వాడి చూచినవారే చెప్పవలెను. యారాడలో మా యింట ఆరు సంవత్సరములు వాడిన పెట్టెను ఎదుట నుంచుకొని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

పరీక్షకు యారాడ తగిన చోటు. విశాఖపట్టణపు రేవునకు దక్షిణముగా, డాల్ఫిన్ నోస్ కొండకు ఆవలి వైపున ఈ గ్రామము కలదు. మూడు దిక్కుల కొండలు, నాల్గవ దిక్కున బంగాళాఖాతము. కెరటములు విరిగినప్పుడు లేచు నీటి తుంపరలను గాలి ఊళ్లోనికి మోసికొని వచ్చును. తుంపర ఆరినను అందలి ఉప్పు మిగులును. గాలిలోని తేమ నూటికి 75 పాళ్లు దాటినప్పుడు ఆ ఉప్పు తేమను పీల్చుకొని తిరిగి ఉప్పునీరగును. ఇచట ఏడాదిలో అనేక మాసములు తేమ ఆ మేరలోనే యుండును. కావుననే కిటికీ ఊచలు, సైకిలు గొలుసులు, తలుపు బందులు ఎంత రంగు వేసినను తుప్పు పట్టుచుండును. అటక మీది పెట్టె కూడ ఆ గాలినే పీల్చుచున్నది. ఒక్క మాటలో చెప్పవలెనన్నచో, ఇచట పెట్టె ప్రయాణములోనే కాక విశ్రాంతిలో కూడ అరిగిపోవుచున్నది.

మొదట చిప్ప సంగతి చూతము. ఈ పెట్టెలను ముఖ్యముగా మూడు విధములైన ప్లాస్టిక్కులతో చేయుదురు. మొదటిది పాలీకార్బొనేట్. దీనిని 1953లో జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన డేనియల్ ఫాక్స్ వేర్వేరుగా కనుగొనిరి. జర్మనీలోని రిమోవా సంస్థ 2000లో దీనితో సూట్‌కేసు చేసి చూపిన పిమ్మట దీని వాడుక ప్రబలినది. దెబ్బ తగిలినప్పుడు ఇది లోనికి వంగి, మరల యథాస్థితికి వచ్చును. రెండవది ఏ.బి.ఎస్. అనునది, చవుక, గట్టి, కాని పెళుసు. వంచిన చోట తెల్లని గీత పడి, కాలక్రమమున మూలల యందు పగులును. మూడవది పాలీప్రొపిలీన్; నీటికన్న తేలిక, చేతికి కొంచెము మైనమువలె తగులును. ఎండ తాకిడికి ఓర్చు మందు అందులో కలుపనిచో ఎండకు పెళుసుబారును. ‘ఏ.బి.ఎస్., పాలీకార్బొనేట్’ అని రెండు పేర్లును చీటీపై ఉన్నచో, అది మిశ్రమమో, లేక ఏ.బి.ఎస్. రేకుపై పలుచని పాలీకార్బొనేట్ పొరయో అని తెలియవలెను. పూర్తి పాలీకార్బొనేట్ మాత్రము కాదు.

మా పెట్టె పాలీకార్బొనేటుది. ఆరేండ్లలో దాని చిప్ప ఎచటను పగులలేదు. గీతలు మాత్రము చాల పడినవి. ఇచటనే సొగసు సంగతి వచ్చును. అద్దమువలె మెరయు పెట్టె మొదటి ప్రయాణములోనే గీతలు పడి ముసలిదిగా కనబడును. గరుకు పైభాగము, నిలువు గాడులు గల పెట్టె వందల గీతలను దాచుకొనును. ఆ గాడులు అందమునకు మాత్రమే కావు. పలుచని రేకును మడత పెట్టినచో బిగువు వచ్చినట్లు, చిప్పకు బలము నిచ్చును. లేత రంగుల పెట్టెను ఎండ తగులు కిటికీ ప్రక్కన నుంచినచో క్రమముగా పసుపుబారును. మరకలు పోవుటకు గోళ్లరంగు తుడుచు ద్రవమును గాని, థిన్నరును గాని వాడరాదు. అవి పాలీకార్బొనేటును కరగించి పగుళ్లు పుట్టించును. సబ్బునీరు, మెత్తని గుడ్డ చాలును.

ఇక చక్రములు. పెట్టెకు చక్రములు చాల ఆలస్యముగా వచ్చినవి. మానవుడు చంద్రునిపై అడుగిడినది 1969లో. చక్రముల సూట్‌కేసునకు అమెరికాలో బెర్నార్డ్ సాడో పేటెంటు పొందినది 1972లో. నిలువుగా నిలిచి, రెండు చక్రములపై వంచి లాగుటకు పొడవైన పిడి గల పెట్టెను 1987లో రాబర్ట్ ప్లాత్ అను విమాన చోదకుడు రూపొందించెను. నాలుగు దిక్కులకు తిరుగు చక్రములు అటు తరువాతివి. ఇవి నున్నని విమానాశ్రయపు నేలపై హాయిగా నడచును. కాని ఇసుక మేటలు గల ఊరి బాటపై ఇవియే మొదట చెడును.

దీనికి రెండు కారణములు కలవు. మొదటిది ఇసుక. విశాఖ తీరపు ఇసుకలో తెల్లని రేణువులతో పాటు ఎఱ్ఱని, నల్లని రేణువులు కూడ కనబడును. మన తూర్పు కనుమల కొండలలోని ఖొండలైటు రాయి శిథిలమై వాననీటితో సముద్రము చేరి, కెరటములచే వేరుపడి తీరమునకు తిరిగి వచ్చినవి యవి. ఎఱ్ఱనివి గార్నెట్ రేణువులు. గార్నెటును పొడిచేసి గరుకు కాగితమునకు అంటించి కొయ్యను నునుపు చేయుటకు వాడుదురు. అట్టి రేణువు చక్రపు ఇరుసులో చేరినచో ఏమి చేయునో ఊహింపవచ్చును. తిరిగిన ప్రతిసారి ఇరుసును ఆకురాయివలె అరగదీయును. అరిగిన ఉక్కుపై ఉప్పు తేమ చేరి తుప్పు పట్టును, చక్రము బిగిసికొనును, బిగిసిన చక్రమును ఈడ్చినచో ఒక ప్రక్క బల్లపరుపుగా అరుగును.

రెండవ కారణము మరింత చిత్రమైనది. మెత్తగా, చప్పుడు లేకుండ నడచుటకు చక్రములపై పాలీయురెథేను అను పదార్థపు పట్టీ వేయుదురు. అందులో ఒక జాతి, తేమ తగిలిన కొలది తన అణువుల బంధములను కోల్పోవును. ఏండ్ల తరబడి పెట్టెను కదపకపోయినను, బట్ట కప్పి భద్రముగా దాచినను, ఆ పట్టీ జిగురుబారి, తరువాత బెల్లపు గడ్డవలె పొడిపొడిగా రాలిపోవును. పెట్టెలో దాచిన బూట్ల అడుగులు ఒకనాడు హఠాత్తుగా ఊడి వచ్చుట అనేకులు చూచియే యుందురు. అదియు ఇదియు ఒకే వ్యాధి. మా పెట్టెకు ఐదవ యేట రెండు చక్రముల పట్టీలు ఇట్లే రాలినవి. అరుగుదల వలన కాదు, తేమ వలన. తేమను తట్టుకొను పాలీయురెథేను జాతి మరియొకటి కలదు గాని, దుకాణములో కంటికి రెండును ఒక్కటిగానే కనబడును.

కావున కొనువారు చక్రము ఎంత నున్నగా తిరుగుచున్నదని కాక, చక్రము ఎట్లు బిగింపబడినదని చూడవలెను. అస్తరు లోపలి జిప్పు తీసి చూచినచో చక్రపు గూళ్లు కనబడును. మరమేకులతో బిగించియున్నచో, చిన్న పనిముట్టుతో విప్పి క్రొత్త చక్రము వేయవచ్చును. రివిట్లతో కొట్టియున్నచో వాటిని తొలిచి తీయవలెను. అది అందరివలన కాదు. మా పెట్టెకు మరమేకులే యుండుటచే చక్రములు మార్చి మరల వాడుచున్నాము.

లాగు పిడి తరువాతది. ఇది ఒకదానిలో నొకటి దూరు అల్యూమినియం గొట్టములతో చేయబడినది. లోపల ఉక్కు స్ప్రింగు, ఉక్కు రివిట్లు ఉండును. రెండు వేర్వేరు లోహములు ఒకదానికొకటి తగిలి, నడుమ ఉప్పునీరు చేరినచో, చిన్న విద్యుద్ఘటము ఏర్పడినట్లగును. అందులో అల్యూమినియం తిని వేయబడి తెల్లని పొడిగా మారును. పిడి పైకి వచ్చి క్రిందికి దిగకపోవుటకును, మీట నొక్కినను కదలకపోవుటకును ఈ తెల్లపొడి ఒక ముఖ్య కారణము. సముద్రతీరమునుండి ఇంటికి వచ్చిన వెంటనే పిడిని పూర్తిగా పైకి లాగి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత లోనికి నెట్టినచో ఈ బాధ చాలవరకు తప్పును.

జిప్పు విషయములో ఒక భ్రమ కలదు. చిప్ప గట్టిది కావున లోపలి వస్తువులు భద్రమని తలంతురు. అంకెల తాళము వేసినను, నైలాను జిప్పు పండ్ల నడుమ కలము మొనను గ్రుచ్చినచో అవి విడిపోవును. పిదప జిప్పు బిళ్లను ఒకసారి అటునిటు జరిపినచో ఏమియు జరుగనట్లు మూసికొనును. అమెరికా తనిఖీ అధికారుల తాళపుచెవితో తెరచు తాళములున్నవని గొప్పగా చెప్పుదురు గాని, ఆ తాళపుచెవుల నమూనాలు 2015లోనే లోకమునకు వెల్లడియైనవి. నగలు, పత్రములు, మందులు దేహము దగ్గరనున్న సంచిలో నుండవలెనే గాని తాళమును నమ్మి పెట్టెలో నుంచరాదు. జిప్పు బిగిసినప్పుడు నూనె రాయక, కొవ్వొత్తి మైనమును పండ్లపై రుద్దుట మంచిది. నూనెకు ఇసుక అంటుకొనును.

బరువు లెక్క కూడ వేసికొనవలెను. మన దేశములోని విమానములలో సాధారణ తరగతి ప్రయాణికుడు లోపలికి తీసికొని పోదగిన పెట్టె సామాన్యముగా 7 కిలోలకు మించరాదు. కొలతలు 55, 35, 25 సెంటీమీటర్ల మేరలో నుండవలెను. ఈ కొలతలలో చక్రములును, పిడియు చేరును. చిప్పను మాత్రమే కొలిచి కొన్నచో చిక్కు. గట్టి చిప్పల పెట్టె ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగును. మూడు కిలోల పెట్టె కొన్నవానికి మిగులునది నాలుగు కిలోలే. గుడ్డ సంచి ఒక కిలోకు కొంచెము హెచ్చుగా నుండును. రైలు ప్రయాణములు ఎక్కువగా చేయువారు మరియొకటి గమనింపవలెను: ఈ పెట్టె పుస్తకమువలె రెండుగా తెరచుకొనును. బెర్తుపై తెరచుటకు రెట్టింపు చోటు కావలెను. పై సంచి నుండి ఒక తువాలు తీసినంత సులభముగా ఇందులో నుండి తీయుట సాధ్యము కాదు.

ఇన్ని చెప్పినంత మాత్రమున ఈ పెట్టె పనికిరానిదని కాదు. వాన చినుకులకు బట్టలు తడియవు. పైన మరియొక పెట్టె పడినను లోని గాజు సామాను చితుకదు. నడుము నొప్పి గల పెద్దలు కూలివాని కొరకు ఎదురుచూడకుండ తామే నడపుకొందురు. రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయువారికిని, నౌకలపై వెళ్లు యువకులకును, తరచుగా బదిలీలు గల నావికా దళపు కుటుంబములకును ఈ సౌకర్యము చిన్నది కాదు.

తీరవాసులు పాటింపవలసిన జాగ్రత్తలు కొన్నియే. ప్రయాణము నుండి రాగానే చక్రములను మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. ఇరుసునకు కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు వేసి, మిగిలినది తుడిచివేయవలెను. చిప్పకు నూనె అంటనీయరాదు. పెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూసివేయరాదు. లోపల చిక్కిన తేమకు బయటికి త్రోవ ఉండదు. మూడు నెలలకొకసారి తెరచి నీడలో గాలికి ఆరనిచ్చినచో అస్తరుకు బూజు పట్టదు. వేరొక ఊరికి ప్రయాణమైనప్పుడు ముందునాడే చక్రములను వ్రేలితో నొక్కి చూడవలెను. జిగురు తగిలినను, పొడి రాలినను ఆ చక్రము దారిలో నిలువదు.

ఆరేండ్ల వాడుకలో తేలిన విషయము ఇది: చిప్ప ఇరువది యేండ్లు నిలువగలదు, చక్రము ఐదేండ్లకు పోవును. చక్రము మార్చుటకు వీలు లేనిచో, చెక్కుచెదరని చిప్పను చెత్తకుప్పపై పారవేయవలసి వచ్చును. ఇంటివారి వేల రూపాయలు పోవును. ఆ ప్లాస్టిక్కు తరములపాటు నేలలో కలియక మిగులును. ట్రంకు పెట్టె గొళ్లెము ఊడినచో ఊరి కమ్మరి క్షణములో బిగించెడివాడు. కనుకనే అది రెండు తరములు నిలిచినది. దుకాణములో పెట్టెను ముందుకు నడిపి చూచుట అందరును చేయుదురు. దానిని తలక్రిందులు చేసి, చక్రములు విప్పుటకు వచ్చునా, విడిభాగములు దొరకునా అని అడుగువారు కొందరే. ఆ ప్రశ్న అడిగి కొన్న పెట్టె, రంగు వెలసినను, గీతలు పడినను, ఇంటికి లాభమే.