వయసుతో కరిగే కండ

మనిషి కండరాలు ముప్ఫయ్యో ఏడు వచ్చేసరికి నిండుగా ఎదుగుతాయి. కొన్నేళ్లు అలాగే నిలిచి, నలభై దాటాక కొద్దికొద్దిగా తరగడం మొదలవుతుంది. యాభై తర్వాత కండ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. బలం అంతకంటే వేగంగా, ఏడాదికి 1.5 నుంచి 3 శాతం దాకా పడిపోతుంది. నలభైలో బియ్యం బస్తా అవలీలగా ఎత్తినవారు డెబ్భైలో నిండు బిందె దించడానికి సాయం పిలుస్తారు. మెట్లెక్కేటప్పుడు చెయ్యి పిట్టగోడ వెతుక్కుంటుంది. ఇంట్లోవాళ్లు ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటారు. ఈ తరుగుదల ఒక హద్దు దాటితే మాత్రం వైద్యులు దాన్ని జబ్బుగానే లెక్కిస్తారు. దాని పేరు సార్కోపీనియా. అమెరికాకు చెందిన ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో ఈ పేరు పెట్టారు. వయసుతో మనిషిలో వచ్చే మార్పుల్లో ఇంత కొట్టొచ్చినట్టు కనిపించేది మరొకటి లేకపోయినా, అప్పటిదాకా దానికి వైద్యంలో ఒక పేరంటూ లేదు.

కండలో జరిగే మార్పు

కండరం సన్నని పోగుల కట్ట. ఆ పోగులు ముఖ్యంగా రెండు రకాలు. నెమ్మదిగా ముడుచుకుంటూ చాలాసేపు అలసిపోనివి ఒక రకం. నిలబడటానికి, నడకకు ఇవి చాలు. చప్పున ముడుచుకుని ఒక్కసారిగా బలం చూపేవి రెండో రకం. కుర్చీలోంచి లేవాలన్నా, కాలు జారినప్పుడు తమాయించుకోవాలన్నా ఇవే కావాలి. వయసు దెబ్బ ఎక్కువగా తగిలేది ఈ రెండో రకానికి. రోజూ పొద్దున్నే అరగంట నడవగలిగే పెద్దాయన స్నానాలగదిలో కాలు జారితే నిలదొక్కుకోలేకపోవడానికి ఇదొక కారణం.

కండను కదిలించే నరకణాలు వెన్నుపాములో ఉంటాయి. వయసుతో వాటిలో కొన్ని చనిపోతాయి. ఆ నరం కింద పనిచేసే పోగుల్లో కొన్నిటిని పక్క నరం తన కిందికి తెచ్చుకుంటుంది. మిగిలినవి ఆసరా లేక కుంచించుకుపోతాయి. ఆ ఖాళీల్లోకి కొవ్వు చేరుతుంది. అందుకే తొడ చుట్టుకొలత పెద్దగా మారకపోయినా లోపల పనికొచ్చే కండ తగ్గిపోయి ఉండవచ్చు. దెబ్బతిన్న పోగులను బాగుచేసే మూలకణాలు కూడా పలచబడతాయి.

కండలోని ప్రొటీన్ రోజూ కొంత విరిగిపోతూ, కొంత కొత్తగా తయారవుతూ ఉంటుంది. తిండి తిన్నప్పుడు, శ్రమ చేసినప్పుడు తయారీ పుంజుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ రెండు పిలుపులకూ కండ మందకొడిగా పలుకుతుంది. ఒక పూట తిండితో కండ తయారీ పూర్తిగా ఊపందుకోవడానికి యువకులకు కిలో శరీర బరువుకు పావు గ్రాము ప్రొటీన్ చాలు. డెబ్భై ఏళ్లవారికి 0.4 గ్రాములు కావాలి. ఆకలి మందగించి, పళ్లు ఊడి, తిండి తగ్గే వయసులోనే ప్రొటీన్ అవసరం పెరుగుతుందన్నమాట.

తరుగుదలను వేగం చేసేవి ఇంకా ఉన్నాయి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, దీర్ఘకాలపు వాపులు, హార్మోన్లు తగ్గడం వాటిలో కొన్ని. అన్నిటికంటే చురుగ్గా కండను తినేసేది మంచం పట్టడం. అమెరికాలో సగటున 67 ఏళ్ల వయసున్న 12 మంది ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. పది రోజుల్లోనే వారి కాళ్లలో సుమారు ఒక కిలో కండ తగ్గిపోయింది. జబ్బుతో ఆస్పత్రిలో చేరినవారికి వాపు, అరకొర తిండి కూడా తోడవుతాయి గనుక నష్టం ఇంకా ఎక్కువ.

నష్టం ఎక్కడెక్కడ

కండ తగ్గితే మొదట కనిపించేది పడిపోవడం. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, మంచం, మళ్లీ కండ తరగడం వరసగా వస్తాయి. కనిపించని నష్టం రక్తంలో చక్కెరది. భోజనం తర్వాత రక్తంలోకి చేరిన గ్లూకోజును ఎక్కువగా దాచుకునేది కండరాలే. కండ తగ్గితే ఆ చోటు తగ్గుతుంది, మధుమేహాన్ని అదుపులో పెట్టడం కష్టమవుతుంది.

భారతీయుల విషయంలో ఇది మరింత ముఖ్యం. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఐరోపావారితో పోల్చితే భారతీయుల ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. మొదలే పొదుపుగా ఉన్న నిల్వ వయసుతో ఇంకా తరుగుతుంది. పైగా తగ్గిన కండ స్థానంలో పొట్ట చుట్టూ కొవ్వు చేరితే తూకంలో తేడా కనిపించదు. పదేళ్లుగా ‘అదే 65 కిలోలు’ అనుకునే మనిషిలో కొన్ని కిలోల కండ పోయి, అంతే కొవ్వు వచ్చి ఉండవచ్చు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష

ఒకప్పుడు ఈ జబ్బును కండ పరిమాణాన్ని బట్టి తేల్చేవారు. ఇప్పుడు ముందు బలం చూస్తున్నారు. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ప్రకటించిన కొలతలు మనవాళ్లకు దగ్గరగా ఉంటాయి. వాటిలో ఒకదానికి చేతుల్లేని కుర్చీ, సెకన్లు చూపే గడియారం ఉంటే చాలు.

కుర్చీ వీపును గోడకు ఆనించాలి. కూర్చున్న మనిషి చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని, నిటారుగా లేచి, మళ్లీ కూర్చోవాలి. ఇలా ఐదుసార్లు ఆగకుండా, వీలైనంత త్వరగా చేయాలి. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే కాళ్లలో సత్తువ తగ్గిందని అనుమానించాలి. సెకన్లతో పాటు లేచే తీరు కూడా గమనించాలి. బలం చాలనివారు మొదట కుర్చీ అంచుకు జరుగుతారు, ఒకటి రెండుసార్లు ముందుకు ఊగి ఆ ఊపుతో లేస్తారు. కట్టుకున్న చెయ్యి తెలియకుండానే విడిపోయి మోకాలి మీదికి వెళుతుంది. కూర్చునేటప్పుడు చివరి జానెడు దూరంలో పట్టు తప్పి కుర్చీలో కూలబడతారు. పడిపోయే భయం ఉన్నవారికి పక్కన ఒకరు నిలబడి ఈ పరీక్ష చేయించాలి.

పిక్క చుట్టుకొలత మరో గుర్తు. పిక్క బాగా లావుగా ఉన్నచోట దర్జీ టేపుతో కొలిస్తే మగవారిలో 34, ఆడవారిలో 33 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండటం మంచిది కాదు. కాళ్ల వాపు ఉన్నవారికి ఈ కొలత పనికిరాదు. ఆస్పత్రిలో పిడికిలి పట్టును ఒక పరికరంతో చూస్తారు. మగవారిలో 28 కిలోలు, ఆడవారిలో 18 కిలోల కంటే తగ్గితే బలం తక్కువని అర్థం. నడక వేగం సెకనుకు ఒక మీటరు కంటే తగ్గడం కూడా లెక్కలోకి వస్తుంది. ఎంత కండ ఉందో కచ్చితంగా తేల్చడానికి డెక్సా స్కాన్ చేస్తారు.

తొంభైలో కూడా పెరిగే బలం

ముసలితనంలో బరువులెత్తడం ప్రమాదమని, ఎత్తినా ఒరిగేదేమీ లేదని చాలాకాలం వైద్యులు కూడా అనుకున్నారు. అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాతరోనే బృందం 1990లో ఆ నమ్మకాన్ని కదిలించింది. ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల ప్రాయంలో ఉన్న పదిమందిని తీసుకుని, తొడ కండరాలకు ఎనిమిది వారాలు బరువులతో శిక్షణ ఇచ్చారు. చివరిదాకా చేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు నడకకు చేతికర్ర అవసరం లేని స్థితికి వచ్చారు.

అదే బృందం 1994లో ఇంకో మెట్టు ఎక్కింది. సగటున 87 ఏళ్లున్న వందమందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు వ్యాయామం, ఒక జట్టుకు బలవర్ధకమైన పానీయం, ఒక జట్టుకు రెండూ ఇచ్చారు. నాలుగో జట్టుకు ఏదీ లేదు. పది వారాల తర్వాత వ్యాయామం చేసినవారిలో బలం రెట్టింపు దాటింది, నడక వేగం పుంజుకుంది. పానీయం మాత్రమే తాగినవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కదలిక లేని ఒంటికి ఎంత పోషణ పెట్టినా కండ కాదని దీనితో తేలిపోయింది.

నడక గుండెకు మంచిది, మానకూడదు. కానీ చప్పున ముడుచుకునే పోగులను నిద్రలేపడానికి అది చాలదు. వాటికి బరువు కావాలి, ఆ బరువు కొద్దికొద్దిగా పెరగాలి. దీనికి జిమ్‌కే వెళ్లనక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి దండాలు తీయడం, వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఒకే మెట్టు ఎక్కి దిగడం సరిపోతాయి. ఒక్కో కదలిక ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రెండు మూడు విడతలు చేయాలి. చివరి రెండు కష్టంగా అనిపించాలి. సులువైపోయిన రోజున చేతిసంచిలో రెండు కిలోల పప్పు ప్యాకెట్లు వేసుకుని చేయవచ్చు. వారంలో రెండు మూడు రోజులు చాలు, మధ్యలో విరామం ఇవ్వాలి. కండను బలపరిచే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు, అరవై అయిదు దాటినవారికి పట్టు తప్పకుండా నిలబడే సాధన మూడు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, హెర్నియా ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. మోకాళ్ల నొప్పులున్నవారు అసలు చేయకూడదనుకోవడం పొరపాటు. తొడ ముందు కండరం బలపడితే కీలు అరిగిన మోకాలికి నొప్పి తగ్గుతుంది.

తెలుగు ఇళ్లలో ఒకప్పుడు రోజులో ఎన్నోసార్లు నేల మీద కూర్చుని లేచేవారు. భోజనం, కూరలు తరగడం, పూజ అన్నీ నేల మీదే. భోజనాలబల్ల, కమోడ్, లిఫ్టు వచ్చాక తొడలకు ఆ పని పోయింది. అందువల్ల ఆ పనిని ఇప్పుడు కావాలని చేయాల్సి వస్తోంది.

పళ్లెంలో ఉండాల్సినవి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫార్సు చేసింది. అరవై అయిదు దాటినవారికి 1 నుంచి 1.2 గ్రాములు, జబ్బున పడ్డవారికి 1.2 నుంచి 1.5 గ్రాములు అవసరమని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. అంటే 60 కిలోల పెద్దావిడకు రోజుకు 60 నుంచి 72 గ్రాములు.

చాలా ఇళ్లలో పెద్దవారి తిండి ఇలా ఉంటుంది: పొద్దున్న మూడు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం అన్నంలో పప్పుచారు, ఒక కూర, కాస్త పెరుగు. సాయంత్రం టీ, బిస్కెట్లు. రాత్రి మజ్జిగన్నం. అన్నీ కలిపితే 40 గ్రాముల ప్రొటీన్ దాటడం కష్టం. పైగా సగం మధ్యాహ్నమే పడుతుంది, పొద్దున్నా రాత్రీ కండకు పిలుపు అందదు.

ఖర్చు పెద్దగా పెంచకుండానే దీన్ని మార్చవచ్చు. 60 గ్రాముల పెసలతో వేసిన రెండు పెసరట్లలో 14 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. పక్కన గ్లాసు పాలు ఉంటే 20 గ్రాములు దాటుతుంది. మధ్యాహ్నం పలచటి పప్పుచారు బదులు 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, కప్పు గట్టి పెరుగు ఉంటే అన్నంతో కలిపి పాతిక గ్రాములకు చేరువవుతుంది. సాయంత్రం బిస్కెట్ల స్థానంలో శనగల గుగ్గిళ్లు పెట్టుకోవచ్చు. రాత్రి రెండు గుడ్లు తింటే 12 గ్రాములు, వంద గ్రాముల చేప తింటే 20 గ్రాములు. శాకాహారులకు 30 గ్రాముల మీల్‌మేకర్ 15 గ్రాములిస్తుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే ప్రొటీన్ భాగం పప్పుల్లో ఉంటుంది, పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. అందుకని పప్పన్నం మంచి జోడీ, పప్పు వాటా పెరగాలంతే. నమలలేనివారికి గుడ్డు, పెరుగు, మెత్తగా ఉడికిన పప్పు, కీమా అనువుగా ఉంటాయి.

జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషన్ అయ్యాక పథ్యం పేరుతో వారాల తరబడి చారన్నం, బ్రెడ్డు పెట్టడం మనకు అలవాటు. కండ వేగంగా కరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, పెరుగు ఆపకూడదు, వీలైనంత త్వరగా మంచం దిగి నడవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ప్రొటీన్ పెంచేముందు డాక్టరును తప్పక అడగాలి. బరువు తగ్గాలని తిండి బాగా కోసేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. పెద్దవయసులో బరువు తగ్గించుకోవాలంటే వ్యాయామం తోడుండాల్సిందే.

పొడులు, మాత్రలు, మందులు

కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. మామూలు తిండి తినలేనివారికి డాక్టరు సలహాతో ఇవ్వడం వేరు. క్రియాటిన్ అనే పొడిని బరువుల వ్యాయామంతో కలిపితే కొంత మేలు కనిపించింది, ఒక్కదానితో ఫలితం నామమాత్రమే.

విటమిన్ డి లోపం ఉంటే సరిచేయాలి. లోపం లేనివారు అదనంగా వేసుకుంటే కండ బలం పెరగదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో డెబ్భై దాటినవారి మీద చేసిన పరిశోధన 2016లో వెలువడింది. అందులో నెలకు 60,000 యూనిట్లు తీసుకున్నవారు తక్కువ మోతాదు తీసుకున్నవారి కంటే ఎక్కువగా పడిపోయారు. అదే మోతాదు మాత్రలు మన మందుల షాపుల్లో మామూలుగా దొరుకుతాయి గనుక రక్తపరీక్ష లేకుండా వేసుకోకపోవడం మంచిది.

సార్కోపీనియాకు ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. ప్రయోగదశలో కొన్ని మందులు కండ పరిమాణాన్ని పెంచాయి గాని, నడక, బలం ఆ మేరకు మెరుగుపడలేదు. ఈ పనిలో నిరూపణ అయిన మార్గం బరువులతో వ్యాయామం, దానికి తోడు చాలినంత ప్రొటీన్. ఎనిమిది పది వారాల్లో తేడా తెలుస్తుంది. మానేస్తే వచ్చిన బలం కొన్ని నెలల్లో తిరిగి తగ్గుతుంది. రక్తపోటు మాత్రలాగే దీన్ని కూడా చివరిదాకా కొనసాగించాలి. నలభైలో మొదలుపెట్టినవారు ఎక్కువ నిల్వతో ముసలితనంలోకి అడుగుపెడతారు, ఎనభైలో మొదలుపెట్టినవారు కూడా పోయినదానిలో కొంత రాబట్టుకుంటారు.