పిల్లికి చక్కెర జబ్బు వస్తే ఏం పెట్టాలి?

తాతగారికి చక్కెర జబ్బు ఉందని డాక్టరు చెప్పగానే ఇంట్లో వంట మారిపోతుంది. అన్నం తగ్గుతుంది. జొన్నరొట్టె, రాగి సంకటి వస్తాయి. కాఫీలో చక్కెర మానేస్తారు. మరి అదే జబ్బు ఇంట్లో పిల్లికి వస్తే? "పిల్లికి చక్కెర జబ్బేమిటి!" అని నవ్వకండి. నడివయసు దాటిన పిల్లుల్లో, ముఖ్యంగా ఒళ్లు చేసి ఎప్పుడూ ఇంట్లోనే పడుకునే పిల్లుల్లో ఈ జబ్బు కనిపిస్తూనే ఉంటుంది. దానికి ఏ తిండి తగినదో తెలియాలంటే, ముందు దాని ఒంట్లో ఏం జరుగుతున్నదో చూడాలి.

గ్లూకోజు ఎందుకు పెరుగుతుంది?

రక్తంలోని గ్లూకోజును కణాలు వాడుకోవాలంటే ఇన్సులిన్ అనే హార్మోను కావాలి. ఇది క్లోమ గ్రంథిలో తయారవుతుంది. 1889లో మింకౌస్కీ, ఫాన్ మేరింగ్ అనే శాస్త్రజ్ఞులు ఒక కుక్క క్లోమాన్ని తీసివేయగా దానికి మధుమేహం వచ్చింది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కలిసి క్లోమం నుంచి తీసిన సారాన్ని అలాంటి కుక్కలకు ఎక్కించి, రక్తంలో గ్లూకోజును తగ్గించగలిగారు. ఇన్సులిన్ మందుగా రావడానికి అదే నాంది.

పిల్లుల్లో సాధారణంగా వచ్చేది పెద్దవాళ్లకు వచ్చే మధుమేహం లాంటిదే. ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి సరిగా స్పందించవు. క్రమంగా క్లోమం కూడా అలసిపోతుంది. రక్తంలో మిగిలిపోయిన గ్లూకోజు మూత్రంలోకి పోతూ, నీటిని కూడా తనతో లాక్కుపోతుంది. అందుకే పిల్లి మాటిమాటికీ నీళ్లు తాగుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, బాగా తింటున్నా చిక్కిపోతుంది. కొన్ని పిల్లులు వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి.

ఎలుకలో ఏముంది?

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. యజమాని లేకుండా వేటాడి బతికే పిల్లుల ఆహారాన్ని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. వాటికి అందే శక్తిలో నూటికి సుమారు 52 పాళ్లు మాంసకృత్తుల నుంచి, 46 పాళ్లు కొవ్వు నుంచి వస్తాయి. పిండి పదార్థాల నుంచి వచ్చేది 2 పాళ్లే!

పిల్లి శరీరం ఈ తిండికి తగినట్లే ఉంది. మన లాలాజలంలో పిండిని జీర్ణం చేసే ఎంజైము ఉంది, పిల్లికి లేదు. ఒక్కసారిగా వచ్చిపడే గ్లూకోజును మన కాలేయం త్వరగా పట్టుకుంటుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. తనకు కావలసిన గ్లూకోజును అది మాంసకృత్తుల నుంచే తయారు చేసుకోగలదు. పిల్లికి తీపి రుచి కూడా తెలియదు. తీపిని గుర్తించడానికి కావలసిన జన్యువుల్లో ఒకటి వాటిలో పనిచేయడం లేదని 2005లో తేలింది.

ఇప్పుడు ఆలోచించండి. పాలన్నం మాన్పించి రాగి సంకటి పెడితే పిల్లికి మేలు జరుగుతుందా? జరగదు. బియ్యమైనా, రాగులైనా, జొన్నలైనా దానికి పిండే. కావలసింది మాంసకృత్తులు ఎక్కువగా, పిండి చాలా తక్కువగా ఉన్న తిండి.

డబ్బా మీది లెక్క

పిల్లుల కోసం అమ్మే ఆహారం పొట్లం మీద పిండి పదార్థాలు ఎన్నో తరచుగా రాయరు. మీరే లెక్క కట్టవచ్చు. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద (అంటే ఖనిజాలు), తేమ అన్నీ కూడి నూటిలోంచి తీసివేస్తే మిగిలేదే పిండి.

ఒక ఎండు ఆహారంలో ఇవి వరుసగా 32, 12, 3, 8, 10 అనుకుందాం. మొత్తం 65. పిండి 35. మెత్తని తడి ఆహారంలో 10, 5, 1, 2, 80 అనుకుంటే మొత్తం 98. పిండి 2.

తేమ తేడా ఉంది కనుక శక్తితో పోల్చాలి. గ్రాము మాంసకృత్తులకు 3.5, కొవ్వుకు 8.5, పిండికి 3.5 కిలోకాలరీలు వేసి చూడండి. ఎండు ఆహారంలో పిండి నుంచి వచ్చే శక్తి నూటికి 36 పాళ్లు. తడి ఆహారంలో 8 పాళ్లు. మధుమేహం ఉన్న పిల్లికి ఇది సుమారు 12 పాళ్లకు మించకూడదని పశువైద్యులు చెబుతారు.

అలాగని ఉత్త మాంసమే పెడితే చాలదు. అందులో కాల్షియం తక్కువ. టారిన్ అనే పదార్థం తగినంత అందకపోతే పిల్లికి కళ్లు, గుండె దెబ్బతింటాయి. కొన్ని రకాల పచ్చి చేపలు బి1 విటమిన్‌ను నాశనం చేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర అసలే పెట్టకూడదు. అవి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. ఇంట్లో వండి పెట్టదలిస్తే వైద్యుణ్ణి అడిగే చేయాలి.

తొందరపడితే ప్రాణాపాయం

ఇంత తెలిసింది కదా అని ఈ రాత్రే గిన్నె మార్చేయకండి! ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి పిండి ఒక్కసారిగా తగ్గించి, మందు మాత్రం పాత మోతాదులోనే ఇస్తే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. పిల్లి తూలుతుంది, మూర్ఛ రావచ్చు, చనిపోవచ్చు కూడా. అలా తూలుతుంటే చిగుళ్లకు కొంచెం తేనె గాని గ్లూకోజు నీరు గాని రాసి వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. తిండి మార్పు, మందు మార్పు రెండూ ఆయన సలహాతో కలిసి నడవాలి.

లావుగా ఉన్న పిల్లిని పస్తు పెట్టడం కూడా తప్పే. కొన్ని రోజులు తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది. బరువు మెల్లగా తగ్గాలి.

వ్యాధిని త్వరగా గుర్తించి ఇన్సులిన్, సరైన ఆహారం రెండూ ఇస్తే, కొన్ని పిల్లుల్లో క్లోమం తేరుకుంటుంది. ఇంజెక్షన్ల అవసరం కూడా పోతుంది. తిండి నియమం మాత్రం ఆ తర్వాతా మానకూడదు.

మీ ఇంట్లో పిల్లి ఉంటే ఒక చిన్న పని చేయండి. రోజూ ఉదయం కొలిచి నీళ్లు పోసి, మర్నాడు ఎన్ని మిగిలాయో నోటుపుస్తకంలో రాయండి. వారానికోసారి పిల్లిని ఎత్తుకుని తూకం చూసుకోండి. తర్వాత మీ బరువు తీసివేయండి. నీళ్లు పెరుగుతూ, బరువు తరుగుతూ ఉంటే ఆ పుస్తకం తీసుకుని పశువైద్యుని దగ్గరకు వెళ్లండి. నోరులేని ఆ జీవి చెప్పుకోలేని బాధను మీ అంకెలు చెబుతాయి.