పరుగూ బీరూ అన్నదమ్ములే, కానీ ఒక్క తేడా ఉంది!

నడిగడ్డ నుంచి, మన అలంపూర్ నుంచి ఇంకో ఎపిసోడ్ ఇది. ఈరోజు టాపిక్ పరుగు, బీరు. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

మా ఊళ్లో పొద్దున ఐదింటికి పోలీస్ ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యే పిల్లలు ఉరుకుతుంటరు. సాయంత్రం ఆ బ్యాచ్‌లోనే కొందరు చల్లటి సీసాతో కనబడతరు. మనుషులు వాళ్లే, టైమింగే వేరు. అందుకే ఈ రెండిటి మధ్య పోలికలు వెతికిన.

ఒకటి, మొదటిది చేదు. మొదటి బీరు ఎవడికీ నచ్చదు, మొదటి కిలోమీటరూ అంతే. దోస్తు లాక్కుపోయాడని పోతం, తర్వాత మనమే ఇంకొకణ్ని లాక్కొస్తం.

రెండు, లెక్కలు. ఐదు కిలోమీటర్లు ఉరికినోడు ఎనిమిదంటడు. నాలుగు తాగినోడు దోస్తుల దగ్గర ఆరంటడు, ఇంట్లో మాత్రం ‘ఒక్కటే అమ్మా’ అంటడు.

మూడు, నీళ్లు. ఉరికితే చెమటగా పోతయి. బీరు తాగితే మూత్రాన్ని ఆపి ఉంచే హార్మోన్ తగ్గిపోతది, అందుకే సిట్టింగ్‌లో పదిసార్లు లేవాల్సి వస్తది. రెండిట్లోనూ చివరికి గొంతెండుడే.

నాలుగు, తెల్లారి. అలవాటు లేకుండా పది కిలోమీటర్లు ఉరికినోడూ, నిన్న రాత్రి ఫుల్‌గా కొట్టినోడూ మెట్లు దిగేటప్పుడు ఒకేలా గోడ పట్టుకుంటరు. ఇద్దరూ ‘ఇంక జన్మలో వద్దురా’ అంటరు. ఆదివారం మళ్లీ రెడీ.

ఐదు, కిక్కు. బీరుతో మెదడులో ఎండార్ఫిన్లు విడుదలయితయి. పరుగుతో రక్తంలో ఆనందమైడ్ అనేది పెరుగుతది. 1992లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలమ్ టీమ్ దీన్ని కనుక్కొని, సంస్కృతంలోని ‘ఆనందం’ అనే మాటతోనే పేరు పెట్టింది. అంటే పేరు మనదే, దానికోసం వైన్స్ దాకా పోనక్కర్లేదు.

రెండూ కలిపిన ఆట కూడా ఉంది, పేరు బీర్ మైల్. 355 మిల్లీలీటర్ల బీరు తాగాలె, ఒక రౌండ్ ఉరకాలె. అట్ల నాలుగు బీర్లు, నాలుగు రౌండ్లు. 2014లో అమెరికాకు చెందిన జేమ్స్ నీల్సన్ దాన్ని 4 నిమిషాల 57 సెకన్లలో ముగించాడు. మైలంటే దాదాపు 1600 మీటర్లు. 2022 నోటిఫికేషన్‌లో మన తెలంగాణ కానిస్టేబుల్ అబ్బాయిలకు పెట్టిన దూరం అదే, టైం 7 నిమిషాల 15 సెకన్లు. ‘అయితే తాగి ఉరికినా పాస్ అయితం’ అనుకోకండి. ఆయన కాలేజీ స్థాయి ఛాంపియన్, ఏండ్ల తరబడి ప్రాక్టీస్ చేసినోడు.

ఇప్పుడు అసలు తేడా. రెండిట్లోనూ ‘కెపాసిటీ పెరిగింది’ అంటం. పరుగులో నిజంగానే గుండె బలపడుతది, నిరుడు ఆయాసపడ్డ దూరం ఈ ఏడు తేలికయితది. బీరులో అట్ల కాదు. మెదడు అలవాటు పడి కిక్కు తక్కువ తెలుస్తది, అంతే. లివర్ మీద పడే బరువు మాత్రం సీసాల లెక్కనే. ఒక్కటితో ఎక్కేది మూడుకి ఎక్కుతుందంటే అది బలం కాదు, ఖర్చు పెరగడం.

గ్రౌండ్‌కి పోయే తమ్ముళ్లకు ఇంకో మాట. ప్రాక్టీస్ అయినంక బాగా తాగితే కండరాల రిపేరు నెమ్మదిస్తది. నిద్ర తొందరగా పట్టినట్టే ఉంటది, కానీ తెల్లవారుజామున చెడిపోతది. పొద్దున పడ్డ కష్టాన్ని సాయంత్రం మనమే చెరిపేసుకున్నట్టు. నోటిఫికేషన్ కోసం రెండేండ్లు చూసి, పది సెకన్లలో ఉద్యోగం పోగొట్టుకుంటే ఇంట్లోవాళ్లకు ఏం చెప్తం?

తాగడం, మానడం మీ ఇష్టం. కానీ తాగితే హైవే మీద బండి మాత్రం తీయకండి. 44వ నంబర్ రోడ్డు మీద లారీలకు మన కెపాసిటీతో పని లేదు.

ఈ వీడియో మీ సిట్టింగ్ గ్రూపుకీ, రన్నింగ్ గ్రూపుకీ రెండిటికీ పంపండి. రెండిట్లో ఉండేది వాళ్లే కదా! ఉంట మరి, బై.