కొండవెన్నుపై నడక



పుట్టపర్తికిని కదిరికిని నడుమనున్న మన నల్లమాడ సీమలో ఏ వైపు చూచినను బండకొండలే కనబడును. గొఱ్ఱెలకాపరి, కట్టెలకు పోవువాడు, సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థి, అందఱును కొండ నెక్కువారే. ఒక కొండ నెక్కి దిగుట మన కెల్లరకు తెలిసినదే. నేలకు దిగకయే, కొండవెన్ను వెంట ఒక కొననుండి రెండవ కొనకును, అటనుండి మూడవ కొనకును పోవుట వేఱొక విద్య. అందలి మెలకువలను, క్రింద నుండు పెద్దల బాధ్యతను గూర్చి నేడు చెప్పదలచితిని.

మొదట శ్రమను లెక్కవేయుదము. మూడు కొనలున్నవనుకొందము. ఒక్కొక్కటి 300 అడుగుల ఎత్తు. రెండేసి కొనల నడుమ 200 అడుగులు దిగు కనుమ. క్రిందనుండి చూచువానికి ఎక్కవలసినది 300 అడుగులే యని తోచును. కాని మొదటి కొనకు 300, రెండవదానికి మరల 200, మూడవదానికి ఇంకొక 200, వెరసి 700 అడుగులు ఎక్కవలయును, అంతయు దిగవలయును. నడిమి కొన చేరినవానికి ముందునకు పోయినను వెనుకకు మరలినను శ్రమ యొక్కటే. ఏ వైపునను కనుమ దాటక తప్పదు. కావున మరలుటయో సాగుటయో మొదటి కొనమీదనే నిశ్చయింపవలయును. అప్పటికే సగము నీరు త్రాగియున్నను, ఎండ ముదిరినను, ఒకని కాలు వణకినను, మరలుటయే వివేకము.

ఇక రాతి స్వభావము. పగటి ఎండకును రాత్రి చలికిని మన బండలు ఉల్లిపొరలవలె పొరలు పొరలుగా లేచును. చేతితో తట్టినప్పుడు డొల్లమ్రోత వచ్చిన పొరను నమ్మరాదు. ఏనుగంత గుండైనను, దాని అడుగున మన్ను కొట్టుకొనిపోయినచో, మనిషి బరువునకే కదలవచ్చును. వాననీరు జాఱి నల్లచాఱలు పడినచోట తడి తగిలినంతనే కాలు నిలువదు. బండపై ఇసుకయు ఎండుగడ్డియు పఱచియున్నచోట ఎండలోనైనను జాఱును.

ఎక్కునప్పుడు రెండుచేతులు, రెండుకాళ్లు అను నాల్గింటిలో మూడు ఎల్లప్పుడు రాతిపై స్థిరముగ నుండవలయును; ఒక్కటి మాత్రమే కదలవలయును. పట్టును తట్టిచూచి పిదప బరువు మోపవలయును. ఒకడు ఎక్కుచుండగా తక్కినవారు వాని క్రింద నిలువరాదు, ప్రక్కకు తొలగవలయును. నిట్రముగానున్నచోట ముఖము రాతివైపు త్రిప్పి దిగవలయును. దిగలేమని తోచినచోట ఎక్కనేరాదు. ఎక్కునప్పుడు కన్నులు ముందుండును. దిగునప్పుడు కాళ్లు ముందుండును. అందుచేతనే దిగుట కష్టము.

అన్నిటికన్న ముఖ్యమైనది నీరు. గుత్తి కోట ఒక్క కొండపై కట్టినది కాదు. కొన్ని కొండలను, వాని నడుమనున్న వెన్నులను గోడలతో కలిపి కట్టినది. పడమటి శిఖరము చుట్టునున్న నేలకు దాదాపు 1,000 అడుగుల ఎత్తుననున్నది. నే నాకోటలో తిరిగినప్పుడు గోడలకన్న వాననీటిని నిలుపుటకు చేసిన ఏర్పాట్లే నన్ను ఆకర్షించినవి. 1776లో మురారిరావు ఆ కోటను హైదరాలీకి అప్పగించుటకు ముఖ్యకారణము పైన నీరు తఱుగుటయే. అంతటి కోటకే తప్పని కఱవు ఒక చెంబునీటితో బయలుదేఱిన బాలునకు తప్పునా? వేసవిలో తెల్లవాఱకముందే బయలుదేఱి, బండ కాగకముందే దిగవలయును. వెన్నుపై దొన కనబడునను ఆశతో నీటిని తగ్గించుకొనరాదు.

కొండచరియల వ్రేలాడు పెద్ద తేనెపట్ల దగ్గఱ పొగ పెట్టరాదు, కేకలు వేయరాదు. గుండ్ల నడుమ చీకటి గుహలలో ఎలుగుబంటి యుండవచ్చును; తొంగిచూడరాదు. ఉఱుము వినబడినంతనే కొనను, వెన్నును విడిచి పల్లమునకు దిగవలయును. ఒంటిచెట్టు క్రిందను, గుహ ముంగిటను తలదాచుకొనరాదు.

ఈ విద్యకు మన బండలే బడి. 2014 మే 25న పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ మొదట భువనగిరి బండపై శిక్షణ పొందినది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కెను. అంతటి నేర్పరియు 2015 మార్చి నెలలో దక్షిణ అమెరికాలోని అండీస్ పర్వతములలో, పెక్కు శిఖరములుగల త్రెస్ క్రుసెస్ అను కొండపైకి ఒంటరిగా పోయి మరలి రాలేదు. ఏప్రిల్ మొదటి దినములలో ఆయన భౌతికకాయము దొరకెను. నేర్పు ఎంతయున్నను, కష్టసమయమున చేయి అందించు తోడు వేఱు.

కావున పెద్దలారా, పిల్లలను కొండకు పోవలదని కట్టివేయుట నా యుద్దేశము కాదు. పోవువానిని నాలుగు ప్రశ్న లడుగుడు: ఏ దారిని పోవుదువు? తోడు ఎవరు? నీరెంత? ఎన్ని గంటలకు దిగుదువు? ముగ్గురు కలిసి పోవుట మేలు. ఒకనికి దెబ్బతగిలినచో ఒకడు దగ్గఱ నుండును, ఒకడు వార్త తెచ్చును. చేతిఫోను కనుమలలో పలుకకపోవచ్చును గనుక దానినే నమ్ముకొనరాదు. చెప్పిన గంట దాటినచో, పొద్దుండగనే దారి తెలిసినవారిని నీటితో, త్రాటితో, దీపముతో పంపుడు. వెదకుటకు ఒక్కనిని పంపవలదు. మీరడిగిన ప్రశ్న బాలుని నడకకు అడ్డు కాదు. చీకటిపడి అతడు వెన్నుపై చిక్కుకొన్ననాడు, ఏ కనుమవైపు పోవలయునో ఊరికి తెలియుట ఆ ప్రశ్న వలననే.