రేచీకటి మీద నవ్వులేందప్పా?

'ఎఫ్ 2' 2019 సంక్రాంతికి వచ్చింది. కడుపుబ్బ నవ్వినా. పెండ్లాం అలక, అత్తగారి పెత్తనం, మధ్యలో నలిగే మొగుని రోషం... ఇయ్యి ఏ ఇంట్లో ల్యావు? ఆడోళ్లను గయ్యాళులుగా చూపినారని కోపమొచ్చినా, నవ్వు మాత్రం సంసారంలోనుంచే పుట్టింది.

2022 మే 27న 'ఎఫ్ 3' వచ్చింది. అదే అనిల్ రావిపూడి, అదే వెంకటేశ్, వరుణ్ తేజ్. ఈ తూరి కథ దుడ్ల మీద ఆశ. దుడ్ల తిప్పలు మన అగళి పల్లెల్లో తెలీనోడు యాడుండాడు? దాంట్లోనే కావాల్సినంత నవ్వుండాది. అది చాలదన్నట్టు వెంకటేశ్‌కు రేచీకటి, వరుణ్‌కు నత్తి పెట్టినారు. అదే తమాషా తిప్పి తిప్పి చూపితే సగానికే సప్పబడింది.

రేచీకటి విటమిన్ ఎ తక్కువైనా వస్తాది, పుట్టుకతో వచ్చే కంటి జబ్బుతోనూ వస్తాది. నత్తికీ తెలివికీ సంబంధం ల్యా. టాకీసులో నవ్వినోళ్లే బడిలో నత్తి పిల్లోన్ని ఎక్కిరిస్తారు. ఎక్కిరించేకొద్దీ వాడు నోరిప్పడు.

2023లో హిందీ 'ఆంఖ్ మిచోలీ'లోనూ ఇట్లే రేచీకటి, నత్తితో నవ్వించబోయినారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2024 జులైలో కోర్టు ఒక గీత గీసింది: వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యమున్నోళ్లను కించపరిచే హాస్యం వేరు.

తమ్ముళ్లూ, రేపు ఇంగో భాగం వచ్చినా ఈ గీతతోనే కొలవండి. మనం నవ్వేది మనిషి చేసిన పనికా, మనిషికొచ్చిన జబ్బుకా?